సీమ ద్రాక్షారసం

కుప్పం నుంచి వచ్చిన, బొగ్గుతో నడిచే బస్సు పైనుంచి దించిన ఆరు గంపలనూ మదనపల్లె మిషన్ ఆస్పత్రి వంటింటి వెనక వసారాలో వరసగా పెట్టించింది లిడియమ్మ. పైన కప్పిన వేపాకు తీసేసి, మొదటి గంపలోకి మోచెయ్యి దాకా చెయ్యి దూర్చింది. పైనున్న గుత్తులు ఆమె ఎప్పుడూ చూడదు. అడుగున నలిగిపోకుండా ఉన్న గుత్తి ఒకటి లాగి, ఒక నల్లద్రాక్ష తుంచి నోట్లో వేసుకుంది. తొక్కను పంటికింద మెల్లగా నమిలింది. గింజను అరచేతిలోకి తీసుకుని రంగు చూసింది.

గంపలతో పాటు వచ్చిన అంజినప్ప తలపాగా విప్పి మెడ తుడుచుకుంటూ ఆమె ముఖమే చూస్తున్నాడు. కుప్పానికి ఆవల, శాంతిపురం పోయే దోవలో ఆయన తోట. నాలుగేళ్ళుగా ప్రతి ఏప్రిల్‌లోనూ ఆ పండ్లు తెచ్చేది ఆయనే.

"ఎట్టుండాదమ్మా?" అన్నాడు.

"గింజ గోధుమరంగు తిరిగిందప్పా. బాగా పండినాయి. తొక్క మాత్రం పోయినేడు కంటే మందం. మీకాడ వాన తక్కువా?"

"తక్కువే. మాఘమాసంలో ఒక్క సినుకు రాల్లేదు. నీకెట్ట తెలిసె?"

"నాలుక ఉండాది గదా," అంది లిడియమ్మ నవ్వుతూ.

ఆ నవ్వులో ఉన్న గర్వాన్ని ఆమె దాచుకోలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఆస్పత్రి వంటిల్లు ఆమె చేతిలో ఉంది. రోగులకు గంజి, నర్సమ్మలకు అన్నం, దొరలొస్తే సూపు, అన్నీ ఆమె చూసుకుంటుంది. కానీ ఆమె మనసుకు దగ్గరైన పని ఏడాదికొకసారి వసారాలో జరిగే ఈ పని ఒక్కటే.

అంజినప్ప అదే బస్సులో తిరుగుదారి పట్టాడు. లిడియమ్మ చేతులు వేడినీళ్ళతో కడుక్కుని, వంటింట్లో కూరగాయలు తరిగే శాంతమ్మను పిలిచింది. ఇద్దరూ గుత్తుల నుంచి పండ్లు రాల్చడం మొదలుపెట్టారు. కాడలు పడితే చేదు దిగుతుంది. పగిలిన పండు, బూజు పట్టిన పండు పక్కన పడేయాలి. రాల్చిన పండ్లను పెద్ద జాడీల్లో పోసి, లిడియమ్మ చేతులతోనే పిసికింది. రోకలితో దంచితే గింజ చితికి రసమంతా వగరవుతుంది. మోచేతుల దాకా ఊదారంగు ఎక్కింది. జాడీ ముప్పాతిక నిండాక పల్చటి గుడ్డ కట్టి, చుట్టూ తడి గోనె చుట్టింది. ఆ ఎండల్లో జాడీ వేడెక్కితే లోపలి రసం ఉడికినట్టు పొంగి చెడిపోతుంది.

మూడో జాడీకి గోనె చుడుతుండగా పాస్టరు కృపాదానంగారు వచ్చి వసారా మెట్టు మీద నిలబడ్డాడు. గొడుగు మూసి గోడకు ఆనించాడు. తర్వాత ఏం మాట్లాడాలో తెలియనట్టు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"అప్పుడే పిసికేసినారా, లిడియమ్మా?"

"మూడయినాయి అయ్యగారూ. ఇంక మూడు ఉండాయి."

"నిన్న సంఘ కమిటీ కూర్చున్నాం. యుద్ధం ముగిసింది కదా. మద్రాసులో అంగడికి దొరల సీమనుంచి మళ్ళీ ద్రాక్షారసం వస్తాండాది. జయరత్నం మాస్టరు రాసి తెప్పించినాడు. మూడు సీసాలు వచ్చినాయి. ఈ ఆదివారం పుంగనూరులో మూడు సంఘాలూ కలిసి చేసే ఈస్టరు ఆరాధనకు అవే వాడతాం." ఆయన ఆగాడు. "ఇంక నువ్వు ఈ కష్టం పడాల్సిన పని లేదమ్మా."

లిడియమ్మ గోనె ముడి బిగించింది. ముడి సరిగా పడలేదు. విప్పి మళ్ళీ కట్టింది.

నలభై రెండులో ఓడలు ఆగిపోయి, మద్రాసు నుంచి ప్రభు బల్లకు, అంటే ఆరాధనలో అందరూ గిన్నెలోంచి ఒక్కో గుక్క పుచ్చుకునే ఆ ఆచారానికి, రసం రావడం మానేసినప్పుడు, వంటింట్లో ఊరికే ప్రయత్నం చేసి చూపించింది ఆమె. పాస్టరుగారు రుచి చూసి ఆశ్చర్యపోయాడు. వేరే సీసా లేక పాత సీమ సీసాలోనే పోసి మందిరానికి పంపింది. ఆ ఆదివారం జయరత్నం మాస్టరు సీసా మీది కాగితం చూసి, "యుద్ధంలో కూడా సీమ సరుకు సంపాదించినారే అయ్యగారు!" అని అందరి ముందూ మెచ్చుకున్నాడు. పాస్టరుగారు అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ రోజు చెప్పని మాట ఆమీద చెప్పడానికి నోరు రాలేదు. నాలుగేళ్ళయింది.

"సరే అయ్యగారూ, చెయ్యొద్దంటే మానేస్తా," అంది లిడియమ్మ. "కానీ ఇన్నాళ్ళూ తాగింది ఈడి రసమేనని ఒక్క మాట చెప్పగూడదా?"

"ఇప్పుడు చెప్తే మోసం చేసినాడని నన్ను అంటారు. నిన్నూ అంటారు. గడిచిపోయింది గడిచిపోయిందనుకో తల్లీ."

ఆయన మంచివాడు. జబ్బుతో ఉన్నవాళ్ళ మంచం పక్కన రాత్రంతా కూర్చోగలడు. కానీ కమిటీ ముందు ఆయన గొంతు సగమైపోతుందని లిడియమ్మకు తెలుసు. గొడుగు విప్పుకుని ఆయన ఎండలోకి వెళ్ళిపోయాక శాంతమ్మ ఇంకా రాల్చని గంపల వైపు చూసింది.

"వీటినేం జేద్దామక్కా?"

"పిసుకుదాం. పండుకు కమిటీ సంగతి తెలీదు గదా. ఎండలో ఉంటే కుళ్ళిపోతాది."

*

బుధవారం సాయంత్రానికి జాడీల్లో కదలిక మొదలైంది. గుడ్డ తీస్తే తొక్కలన్నీ పైకి తేలి మందపాటి పొరలాగా గట్టిపడి ఉన్నాయి. లిడియమ్మ కొయ్య తెడ్డుతో ఆ పొరను మెల్లగా కిందికి నొక్కింది. లోపలినుంచి బుసబుసమని నురగ పైకి వచ్చింది. జాడీ దగ్గర చెవి పెట్టి విన్నది. వాన వెలిశాక ఇసుకలోకి నీళ్ళు ఇంకుతున్నట్టు సన్నటి చప్పుడు.

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇట్ట నొక్కాల. నేను శనివారం పుంగనూరు పోతే నువ్వు చెయ్యాల. మానేస్తే పైపొర ఎండి పులిసిపోతాది," అని శాంతమ్మకు చూపించింది.

"నాకేం తెలస్తాదక్కా, మంచిదేదో చెడ్డదేదో?"

లిడియమ్మ లోపలికి వెళ్ళి, పోయినేటి రసం ఉన్న చిన్న జాడీ నుంచి మందుగ్లాసులో రెండు వేళ్ళ మందం పోసుకొచ్చింది.

"కల్లు మాదిరి గటుక్కున మింగొద్దు. ముందు వెలుతురుకు పట్టుకో. మడ్డి ఏమైనా తేలతాండాదా?"

"లేదు. చేతి గాజు కనిపిస్తాండాది."

"ఇప్పుడు ముక్కు పెట్టు. ఏం వాసన?"

"ద్రాక్షపండు."

"అదెవరైనా చెప్తారు. ఇంకా?"

శాంతమ్మ కళ్ళు మూసుకుంది. సిగ్గుపడుతూ, "నేరేడుపండు. ఆమీద... కొత్తకుండలో నీళ్ళు పోసినప్పటి వాసన," అంది.

"ఇప్పుడు కొంచెం నోట్లో పోసుకుని నాలుక కింద గూడా తిప్పు. మొదట పులుపు రావాల. అది పళ్ళు జివ్వుమనేంత ఉండగూడదు. ఆమీద వగరు. వక్క నమిలినట్టు చెంపలకు తగలాల. మింగి, పది అంకెలు ఎంచు."

శాంతమ్మ వేళ్ళు ముడుచుకుంటూ ఎంచింది. పది దాటింది. పదిహేను దాకా ఎంచి కళ్ళు తెరిచింది.

"ఇంకా ఉండాదక్కా!"

"ఉంటే మంచి రసమే. గొంతు మండి, చప్పున పోతే అది కాదు."

"నీకెవరు నేర్పినారు ఇదంతా? దొరసానులా?"

"వాళ్ళెందుకు నేర్పుతారు? నీకు పులుసులో ఉప్పు తక్కువైందని ఎవరు నేర్పినారు? అట్లాంటిదే ఇది. తాగేటప్పుడు మనసు నోట్లో పెట్టుకోవాల, అంతే."

మరునాడు మధ్యాహ్నం జయరత్నం మాస్టరు వచ్చాడు. మిషన్ బడి హెడ్మాస్టరు, సంఘ కమిటీ కార్యదర్శి. తెల్లచొక్కా గుండీలు గొంతుదాకా పెట్టుకుని, చేతిలో గుడ్డలో చుట్టిన సీసా తెచ్చాడు. ఆదివారానికి వెండి గిన్నెలు తోమి పెట్టమని చెప్పడానికి వచ్చాడు కానీ, సీసా చూపించకుండా ఉండలేకపోయాడు. గుడ్డ విప్పి వసారా అరుగు మీద నిలబెట్టాడు.

"చూడు లిడియా. ఇదీ సీమ నుంచి వచ్చింది. మన పాతదాని మాదిరే. నేనేమీ దొరల బంగళాల్లో తిరిగినవాణ్ణి కాదు గానీ, ప్రభు బల్ల దగ్గర రసం పుచ్చుకున్నప్పుడు సీమ సరుకు గొప్పతనం తెలిసిపోతుంది. గొంతు దిగేటప్పుడు మంట ఉండదు. దిగినాక చానా సేపు నోట్లోనే ఉంటాది. ఆరాధన ముగించుకుని ఇంటికి పోయేదాకా ఉంటాది ఆ రుచి. ఇట్టాంటిది మన దేశంలో చెయ్యలేరు. మనోళ్ళకు కల్లు కుండ తప్ప ఏం తెలుసు?"

లిడియమ్మ చేతిలో తెడ్డు ఆగిపోయింది. తెడ్డు చివరి నుంచి ఊదా చుక్కలు జాడీలోకి పడుతున్నాయి.  కోపం రావాల్సిన చోట రాలేదు.   ఆ పెద్దమనిషి తన రసాన్ని ఎంత సరిగ్గా చెప్పాడు! నాలుగేళ్ళుగా ఎవరి నోటినుంచీ వినని మాటలు. అవి ఆమె రసం గురించేనని తెలియక ఆమె ముందే చెప్పాడు.

"అంత బాగుండేదా మాస్టరుగారూ?" అని మాత్రం అడిగింది.

"బాగుండేదా అంటే? నేను చెప్తాండా కదా," అని ఆయన సీసాను మళ్ళీ గుడ్డలో చుట్టుకున్నాడు. వెళ్ళేముందు జాడీల వైపు చూసి, "ఇవేంటివి? ఊరగాయా?" అన్నాడు.

"ద్రాక్షరసం మాస్టరుగారూ. ఆస్పత్రికి," అంది. అబద్ధమాడినందుకు తర్వాత చాలాసేపు బాధపడింది.

*

శనివారం మధ్యాహ్నం పుంగనూరు మందిరం పక్కగదిలో వెండి గిన్నెలు బల్ల మీద సర్దింది లిడియమ్మ. సీసాలు ముందే తెరిచి, మడ్డి ఉంటే వడగట్టి పెట్టడం ఆమె పనే. ఇనప మరను బిరడాలోకి తిప్పి లాగితే, బిరడా ఏ పట్టూ లేకుండా ఊడివచ్చింది. వేళ్ళతో నొక్కి చూసింది. ఎండిన చెక్కలాగా ఉంది. ఒక పక్క పైనుంచి కిందిదాకా రసం కారిన మరక. ఎన్నేళ్ళు ఏ గిడ్డంగిలో నిలబెట్టి ఉంచారో, బిరడా కుంచించుకుపోయి గాలి లోపలికి దూరింది.

ముక్కు దగ్గర పెట్టుకోకముందే తెలిసిపోయింది. గరిటెలో కొంచెం పోసుకుని నాలుకకు తాకించింది. చింతనీళ్ళు పులిసి మూడురోజులైనట్టు. రెండో సీసా తెరిచింది. అదే. మూడోది కొంచెం నయం, కానీ అందులోనూ ఆ ఘాటే.

పాస్టరుగారూ జయరత్నం మాస్టరూ కలిసి లోపలికి వచ్చారు.

"అయ్యగారూ, ఈ రసం చెడిపోయింది. పులిసింది. వినిగరు అయిపోయింది," అంది లిడియమ్మ.

మాస్టరు ముఖం ఎర్రబడింది. "చెడిపోవడమేంది? సీలు వేసిన సీసా. సీమ నుంచి వచ్చింది."

"సీలు ఉండాది గానీ బిరడా ఎండిపోయింది మాస్టరుగారూ. మీరే వాసన చూడండి."

ఆయన సీసా మూతి దగ్గర ముక్కు పెట్టాడు. ఒక్క క్షణం కనుబొమలు ముడిపడ్డాయి. వెంటనే విడిపోయాయి. "సీమ రసానికి ఈ ఘాటు ఉంటాది. కొత్త సీసా కదా."

"పాతదానికి లేదే."

"లిడియా, నీకు చేతకాని విషయంలోకి రావద్దు. గంజి కాసే మనిషికి సీమ ద్రాక్షారసం సంగతి ఏం తెలుసు? గిన్నెలు తోమినావా, అది చూసుకో."

లిడియమ్మ పాస్టరుగారి వైపు తిరిగి గరిటె చాచింది. ఆయన పుచ్చుకున్నాడు. రుచి చూశాడు. గుటక మింగేటప్పుడు ఆయన గొంతు ముడి పైకీ కిందికీ కష్టంగా కదలడం ఆమె చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"అలవాటు లేని రుచి, అంతే. ఉండనీలే."

ఆమె గరిటె వెనక్కి తీసుకుని నీళ్ళతో కడిగింది. బట్టతో తుడిచి, గిన్నెల పక్కన సరిగ్గా పెట్టింది.  గంజి కాసే మనిషి అన్న మాటకు కాదు ఆమెకు నొప్పి. గంజి కాయడం ఆమెకు సిగ్గు కాదు. చెడిపోయిందని తెలిసీ పవిత్రమైన గిన్నెలో పొయ్యడానికి ఒప్పుకున్నారు, అదీ ఆమెను ముల్లులా పొడిచింది.

*

ఈస్టరు ఆదివారం పొద్దున మందిరం నిండిపోయింది. మదనపల్లె నుంచి, కుప్పం నుంచి బస్సుల్లో, బండ్లలో వచ్చినవాళ్ళు వరండాల్లో కూడా కూర్చున్నారు. లిడియమ్మ వెనక వరసలో నిలబడి, గిన్నె ఒకరి తర్వాత ఒకరికి అందుతుంటే ముఖాలు చూసింది.

ఆడవాళ్ళ వరసలో మొదట విక్టోరియమ్మ. ఎనభై దాటిన మంత్రసాని. పుంగనూరు సంఘంలో సగంమందిని ఈ లోకంలోకి తెచ్చినవి ఆమె చేతులే. గిన్నె పెదవికి ఆనించింది. ఆమె ముడతల ముఖం ఇంకా ముడుచుకుంది. కళ్ళు తెరిచి గిన్నెలోకి చూసింది. తర్వాత తల వంచి ప్రార్థన చేసుకుంది. ఆమె పక్కనున్న కోడలు దగ్గు ఆపుకుంది. మగవాళ్ళ వరసలో ఒకాయన చేతిగుడ్డతో నోరు తుడుచుకున్నాడు. ప్రభు బల్ల దగ్గర ఎవరూ నోరెత్తరు. పాట ఆగలేదు. కానీ గిన్నె వెళ్ళిన దారంతా తలలు కొంచెం కొంచెం పక్కకు తిరిగాయి.

ఆరాధన ముగిసి పందిరి కింద బంతికి కూర్చున్నాక మాటలు మొదలయ్యాయి.

"ఈసారి రసం అదేం రుచే? చింతపులుసు తాగినట్టుండె."

"సీమది కాదు అది. ఈడ యాడో చేయించినారు."

"ఈడి సరుకే! పాతది ఎట్టుండేది! ఇంటికి పోయేదాకా నోట్లో ఉండేది."

సంగటి ముద్దలు వడ్డిస్తున్న లిడియమ్మ చెయ్యి గంపలోనే ఆగింది. నాలుగు విస్తళ్ళ అవతల జయరత్నం మాస్టరు తింటున్నవాడల్లా లేచాడు.

"ఎవరన్నారు ఈడిదని? నేనే రాసి తెప్పించినాను. సీసాలు లోపల ఉండాయి, చూపిస్తాను."

"సీసా సీమదేలే నాయనా, కాదనలేదు," అంది విక్టోరియమ్మ చెయ్యి కడుక్కుంటూ. ఆమె ఎవరినీ మీరు అనదు. "నిన్ను ఈ సేతుల్తోనే పట్టుకున్న్యా, నీకు అబద్ధం రాదని నాకు తెలుసు. కానీ సీసాలోది సీమది కాదప్పా. నాలుగేండ్లుగా తాగినదాన్ని, నాకు తెలీదా? దాంట్లో మొదట నేరేడుపండు పులుపు ఉండేది. ఆమీద వక్క వగరు. ఇది ఒట్టి పులుపు. ఎవురో నిన్ను మోసం సేసి, సీమ సీసాలో ఈడి రసం పోసి అమ్మినారు."

పందిరి కింద చాలామంది తలలూపారు. మాస్టరు పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు విస్తట్లోకి చూస్తున్నాడు.

విక్టోరియమ్మ తిరిగింది. "లిడియా, సీసాలు తెరిసేది నువ్వే గదా. నువ్వు సెప్పమ్మా. ఆ పాత రసం యాడిది? అదే మళ్ళా తెప్పించుకుందాం."

అందరూ ఆమెను చూశారు.  ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె గంప కింద పెట్టి, పాస్టరుగారి వైపు తిరిగి నిలబడింది. చెప్పాల్సింది ఆయన. ఎంతసేపైనా కానీ, ఆయనే చెప్పాలి.

 పాస్టరుగారు లేచాడు. ఎడమచేత్తో పందిరి గుంజ పట్టుకున్నాడు.

"నేను చెప్తాను," అన్నాడు.   "నాలుగేండ్లుగా సీమ నుంచి ఒక్క చుక్క కూడా రాలేదు. మీరు తాగింది మన లిడియమ్మ మదనపల్లె ఆస్పత్రి వసారాలో చేసిన రసం. కుప్పం ద్రాక్షపండ్లతో చేసింది. పాత సీసాలో పోసినాం. మీరు సీమదనుకున్నారు, నేను కాదని చెప్పలేదు. నిన్న ఈ కొత్తది చెడిపోయిందని లిడియమ్మ చెప్పింది. నాకూ తెలిసింది. నేను నోరు మెదపలేదు. తప్పు నాది. ఆమెది కాదు."

ఎవరో "దేవా" అన్నారు.  జయరత్నం మాస్టరు ముఖం తెల్లబోయింది.

"నాలుగేండ్లు..." అన్నాడు ఆయన. "నాలుగేండ్లు మమ్మల్ని..."

"మోసమని నేననుకోలేదు మాస్టరుగారూ," అంది లిడియమ్మ. గొంతు ఆమె అనుకున్నదానికంటే నిబ్బరంగా వచ్చింది. "ప్రభు బల్లకు పోయేదని ఒక్కొక్క పండూ చేత్తో ఏరినాను. నాలుగేండ్లలో ఆ గిన్నె దగ్గర ఎవరూ ముఖం చిట్లించలేదు. ఈరోజు చిట్లించినారు. నేను చూసినాను. ఇంక మీరు చెయ్యమంటే చేస్తాను, వద్దంటే మానుకుంటాను. చేస్తే మాత్రం సీమ సీసాలో పొయ్యను. మట్టికూజాలో పోసి తెస్తాను. కుప్పం పండు, మదనపల్లెలో లిడియా చేసిందని చెప్పి మీ చేతికిస్తాను. ఇష్టముంటే తాగండి."

విక్టోరియమ్మ లేచి, కర్ర లేకుండానే నాలుగడుగులు నడిచి వచ్చింది. లిడియమ్మ కుడిచెయ్యి పట్టుకుంది. తిప్పి చూసింది. గోళ్ళ సందుల్లో మంగళవారం పండ్లు పిసికినప్పటి ఊదారంగు ఇంకా పోలేదు.

"మంత్రసాని సెయ్యి మాదిరే ఉండాది," అంది. "రా, కూసో. నీకు నేను వడ్డిస్తా."

ఎనభై ఏళ్ళ మనిషి సంగటి గంప ఎత్తబోతుంటే నలుగురు ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. లిడియమ్మను బంతిలో కూర్చోబెట్టారు. ఎప్పుడూ వడ్డించే మనిషికి కూర్చోవడం చేతకాలేదు. విస్తరి ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జయరత్నం మాస్టరు మాత్రం తినకుండానే పందిరి దాటి వెళ్ళిపోయాడు.

*

మంగళవారం పొద్దున వసారాలో జాడీలు వంచి గుడ్డలో పిప్పి పిండుతుండగా మెట్టు మీద నీడ పడింది. జయరత్నం మాస్టరు. చొక్కా పైగుండీ పెట్టుకోలేదు.

"ఏం చూసి చెప్పినావు, అది చెడిందని?" అన్నాడు పలకరింపు లేకుండా.

లిడియమ్మ చేతులు తుడుచుకుని రెండు గ్లాసులు తెచ్చింది. ఒకదానిలో పుంగనూరు నుంచి తెచ్చిన సీమ రసం, ఇంకోదానిలో తను చేసిన పోయినేటి రసం. ఏది ఏదో చెప్పలేదు. వాసన చూడమంది. ఆయన చూశాడు. మొదటి గ్లాసు వెంటనే కింద పెట్టాడు. రెండోది చాలాసేపు పట్టుకున్నాడు. తాగి, కళ్ళు మూసుకుని, పెదవులు కదపకుండా ఎంచుతున్నట్టు నిలబడ్డాడు.

"శనివారం నాకూ తెలిసింది," అన్నాడు చివరికి. "ముక్కు పెట్టగానే తెలిసింది. ఒప్పుకోలేకపోయినాను." అరుగు మీద కూర్చున్నాడు. "మా నాయన కల్లంగడి ముందర పడివుంటే పదేండ్లవాణ్ణి పోయి లేపుకొచ్చేవాణ్ణి. ఈడ చేసింది ఏదైనా సరే, నాకు ఆ వాసనే కొడతాది. సీమ కాగితం అంటించి ఉంటేనే అది దేవుడిదని నమ్మకం కుదిరేది. నాలుగేండ్లు కాగితాన్ని తాగినాను, లిడియమ్మా."

ఆయన ఆమెను అమ్మా అనడం అదే మొదలు.

"కాగితాన్ని ఎట్ట తాగినారు? గురువారం మీరు చెప్పిన మాటలు నాకు జ్ఞాపకముండాయి," అంది లిడియమ్మ. "మంట లేదన్నారు, ఇంటికి పోయేదాకా ఉంటాదన్నారు. అంత బాగా నేను గూడా చెప్పలేను. తాగింది మీ నాలుకే."

 ఆయన చొక్కా చేతులు మడుచుకుని, "ఆ గుడ్డ అంచు నేను పట్టుకోనా?" అన్నాడు. పట్టుకున్నాడు. గట్టిగా మెలిపెట్టబోతే, "మెల్లగా మాస్టరుగారూ, గింజ చితకగూడదు," అంది ఆమె. హెడ్మాస్టరు తలూపి, చెప్పినట్టు చేశాడు.

గురువారం పొద్దున లిడియమ్మ ఖాళీ గంపలు బస్సు మీద వేయించుకుని కుప్పం వెళ్ళింది. సెలవడిగి ఆమె ఊరు దాటడం చాలా ఏళ్ళ తర్వాత అదే. ఒడిలో గుడ్డ చుట్టిన మట్టికూజా, దాన్లో పోయినేటి రసం. దారంతా రెండుచేతులతో పట్టుకునే కూర్చుంది.

తోటలో అంజినప్ప పందిరికి తీగ కడుతున్నాడు. ఆమెను చూసి నిచ్చెన దిగాడు.

"ఏమమ్మా, నువ్వే వస్తివి? పండ్లేమన్నా సెడిపోయినాయా?"

"లేదప్పా. నీ పండ్లతో ఏం చేస్తాండానో నీకెప్పుడూ చూపించలేదు. చూపిద్దామని వచ్చినా. మీ ఇంట్లో తప్పనుకుంటే వద్దు."

ఆయన అటూ ఇటూ చూశాడు. "తప్పేముంది? దేవుడికాడ పెట్టేదే గదా," అని గట్టు మీదున్న ఇత్తడి చెంబు కడుక్కొచ్చాడు. లిడియమ్మ కూజా వంచి పోసింది. ఎలా తాగాలో చెప్పబోయి ఆగింది. చూద్దామనుకుంది.

అంజినప్ప ఒక గుక్క తీసుకున్నాడు. మింగలేదు. బుగ్గలో పెట్టుకుని, తోట వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎండ పందిరి సందుల్లోంచి ఆయన భుజాల మీద చారలుగా పడుతోంది. మింగాడు. మళ్ళీ కొంచెం తీసుకున్నాడు. ఈసారి నడవడం మొదలుపెట్టాడు. చెంబు చేత్తో పట్టుకుని వరసల మధ్య కిందికి, వంక వైపు. లిడియమ్మ వెనకే వెళ్ళింది.

వంక ఒడ్డున ఎర్రమట్టి ఆగి గులకరాళ్ళ గరుగునేల మొదలయ్యే చోట ఆయన నిలబడ్డాడు. వంగి, ఒక తీగ మొదట్లో మట్టి తీసి వేళ్ళతో నలిపాడు.

"ఇది ఈ మడి కాయ గదమ్మా?" అన్నాడు. "పోయినేడు నీకు ఈడి కాయే కోసి పంపితిని. ఆ పైమడి కాయకు ఈ వగరు రాదు. నీళ్ళు ఎక్కువ తాగతాది అది. ఇది కష్టపడి కాస్తాది. దీని కాయ నేనెప్పుడు తిన్న్యా గానీ ఇట్టనే సెంపల్ని పడతాది."

లిడియమ్మకు తెలియదు. ఏ గంప ఏ మడిదో ఆమె ఎప్పుడూ అడగలేదు. ఇన్నాళ్ళూ ఆ రుచి పట్టగలిగేది తన నాలుక ఒక్కటే అనుకుంది.

"అయితే వచ్చే ఏడు ఈ మడి కాయ వేరే గంపలో వెయ్యప్పా," అంది. "వేరే జాడీలో చేస్తా."

ఆయన ఆ మాట విన్నాడో లేదో. చెంబులో మిగిలిన దాన్ని చూసుకుంటూ ముఖమంతా విప్పారి, ఇంటి వైపు తిరిగి భార్యను గట్టిగా కేకేసి పిలిచాడు.

"ఓ బయ్యమ్మా! గంటె ఆడ పెట్టి ఇట్ట రా, బిన్నే రా! మన వంకమడి ఎట్టుంటాదో నోట్లో పోసుకుని సూద్దువు గానీ!"